శాస్త్రవృత్తులందు స్త్రీలు



ఏటేట జరుగు మహాసభ సంచికయందు మన పూర్వుల చరిత్రమును, వారు త్రవ్వించిన చెఱువులను, కట్టించిన సత్రములను, నెలకొల్పిన విద్యార్థి వసతిగృహములను గుఱించి వ్రాయుట మనకు వాడుక. అది మంచి వాడుకయే. పెద్దలను మఱచిన సంఘమునకు ముందుదారి తెలియదు. అయినను ఈ యేడు మేము వేఱొక చరిత్రమును ఎత్తికొంటిమి. మన యిండ్లలోనే పుట్టి, మన కన్నుల యెదుటనే పెరిగి, శాస్త్రములను చదివి, పట్టములను పొంది, ప్రయోగశాల గుమ్మము వఱకు నడచి, ఆ పిమ్మట కానరాకుండ పోవుచున్న మన యాడుబిడ్డల చరిత్రమిది. దీనిని వ్రాయుటకు మేము దూరదేశములకు పోనక్కఱ లేకపోయినది. మన మేడ్చల్, శామీర్‌పేట సీమయే మాకు చాలినది.

సీమ మారిన తీరు

మేడ్చల్, శామీర్‌పేట గ్రామములను ఎఱుగనివారు మనలో అరుదు. మేడ్చల్ నాగపురమునకు పోవు జాతీయ రహదారి మీదను, శామీర్‌పేట కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి మీదను ఉన్నవి. మన తాతలనాడు ఈ సీమ యనగా చెఱువు, చెఱువు క్రింది వరిమడి, మెట్టమీది జొన్నచేను. తండ్రులనాడు వీనికి తోడు ద్రాక్షతోట. నాటు వేయుట, కలుపు తీయుట, కోత కోయుట, గంప లెత్తుట మున్నగు పనులలో స్త్రీల కష్టమే హెచ్చు. పొలము పట్టా మాత్రము తఱుచుగా పురుషుని పేరనే యుండెడిది. ఈ మాట నిచ్చట ఏల యెత్తితిమో ముందు తెలియగలదు.

నేడీ సీమ ప్రపంచమునకు టీకాలు పంపు సీమ. 1993లో స్థాపితమైన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మేడ్చల్‌లో తన కర్మాగారమును నడపి, 1997లో హెపటైటిస్-బి వ్యాధికి టీకాను విడుదల చేసెను. రీకాంబినెంట్ పద్ధతిని మన దేశమున తయారైన అట్టి టీకాలలో అది మొదటిది. స్థాపకులు శ్రీ కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు ఆ సంస్థకు తమ తల్లిగారి పేరు పెట్టిరి. 1996లో ప్రారంభమైన భారత్ బయోటెక్ సంస్థ శామీర్‌పేట దాపున తుర్కపల్లిలో వెలసినది. ఆ తుర్కపల్లిలోనే పరిశోధకులకు ప్రయోగశాలలను అద్దె కిచ్చు విజ్ఞానవనము నెలకొన్నది. 1953 నాటి పాతసంస్థయైన బయోలాజికల్ ఇ వారి టీకాల కర్మాగారము కొల్తూరులో ఉన్నది. ఈ ప్రాంతమంతటికిని జీనోమ్ వ్యాలీ యని పేరు స్థిరపడినది. 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాదు విద్యాప్రాంగణము జవహర్‌నగరున వెలసినది. 2016 అక్టోబరు 11న ఈ సీమ మేడ్చల్–మల్కాజిగిరి యను క్రొత్త జిల్లా యయ్యెను. 2020లో కోవిడ్ మహమ్మారి లోకమును క్రమ్ముకొనగా, 2021 జనవరి 3న అత్యవసర వినియోగమునకు అనుమతి పొందిన కోవాక్సిన్ టీకా ఇచ్చటిదే. చెఱువు క్రింద పంట పండించిన సీమ, ఒక తరములోపల, పసిబిడ్డల ప్రాణములను కాచు మందులను పండించుచున్నది.

ఉదయవేళ తుర్కపల్లి దారిని నిలుచుండి చూచినచో, సంస్థల బస్సులనుండి దిగు యువతులు తక్కువగా ఉండరు. అందు పరీక్షలు చేయువారు కలరు. లెక్కలు వ్రాయువారు కలరు. సీసాలను వెలుతురున కెత్తి పరిశీలించి పెట్టెలలో సర్దువారు కలరు. అయితే ఏ ప్రయోగము చేయవలెనో నిర్ణయించువారిలో, దానికి ధనము కేటాయించువారిలో, పేటెంటు పత్రముపై పేరు గలవారిలో స్త్రీలెందఱని యడిగినచో మనము తడబడుదుము. నాటు వేసినది యొకరు, పట్టా యెక్కినది మఱియొకరి పేరు. పొలమున జరిగినది ప్రయోగశాలయందును జరుగునేమో యనునదే మా భయము.

పైకెక్కినవారు లేరని మే మనుట లేదు. కోవాక్సిన్ తయారీకి వైరసును వేరుచేసి యిచ్చిన పూనా జాతీయ వైరాలజీ సంస్థకు ఆనాడు అధిపతి డాక్టరు ప్రియా అబ్రహాముగారు. కొల్తూరు కర్మాగారమునుండి వెలువడి 2021 డిసెంబరులో అనుమతి పొందిన కోర్బెవాక్స్ టీకాకు మూలమైన పరిశోధనను అమెరికాలోని టెక్సాసునందు నడిపిన యిరువురిలో ఒకరు మరియా ఎలెనా బొటాజ్జీ యను స్త్రీ. దానిని ఇచ్చట తయారుచేయించిన బయోలాజికల్ ఇ సంస్థను నడపుచున్నవారు శ్రీమతి మహిమా దాట్లగారు. శిఖరమున దీపములు వెలుగుచున్నవి. శిఖరమునకు పోవు మెట్లమీదనే చీకటి.

హైదరాబాదున తొలి మెట్టు

స్త్రీలు శాస్త్రమునకు క్రొత్తవారని తలచుట చరిత్రము నెఱుగమివలన కలుగు దోషము. హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో నెలకొల్పబడెను. 1885లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ దొర కాలమున అందు స్త్రీలకు ప్రవేశము లభించెను. ఆ తొలి విద్యార్థినులలో ఒకరు రూపాబాయి ఫర్దూన్జీ యను పారసీ వనిత. ఆ దినములలో శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు కలిగించుటకు క్లోరోఫారము వాడుచుండిరి. అది ముందుగా గుండెను ఆపునా, శ్వాసను ఆపునా యను వివాదము వైద్యలోకమున చెలరేగియుండెను. దానిని తేల్చుటకై నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో 1888లోను 1889లోను హైదరాబాదున క్లోరోఫారము కమిషనులు పరిశోధనలు జరిపెను. ఆ సన్నివేశమునందే రూపాబాయిగారు క్లోరోఫారము నిచ్చు విద్యయందు ఆరితేరి, మత్తుమందు వైద్యమును వృత్తిగా చేపట్టిన ప్రపంచపు తొలి స్త్రీలలో ఒకరుగా పేరొందిరి. 1909లో ఎడింబరోకు పోయి, తమ వృత్తికి పనికివచ్చునని భౌతిక, రసాయన శాస్త్రములను అభ్యసించి తిరిగివచ్చిరి.

ఈ యుదంతము జరిగిన కాలమును తలచుకొనుడు. 1901 జనాభా లెక్కలలో భారతదేశమున చదువను వ్రాయను నేర్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరు. ఇంగ్లండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము పూర్ణాధికారములతో కూడిన పట్టమును స్త్రీలకు 1948లో గాని యీయలేదు. అట్టి కాలమున హైదరాబాదు నగరమునందొక స్త్రీ ప్రపంచ శాస్త్రచర్చ నడుమ నిలిచి పనిచేసెను. కనుక శక్తి లేకపోవుట కాదు. సందు దొరకకపోవుటయే అసలు సంగతి.

ఆంధ్రదేశమున 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిరి. 20వ శతాబ్దపు తొలినాళ్లలో భండారు అచ్చమాంబగారు, చరిత్రకారులు విడిచిపెట్టిన స్త్రీల జీవితములను ఏర్చి కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను ప్రకటించిరి. ఆ మేనత్త పేరే గల కొమఱ్ఱాజు అచ్చమాంబగారు వైద్యవిద్య నభ్యసించి, ప్రసూతి వైద్యురాలై పేరుగాంచి, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. ఒకరు స్త్రీలను గుఱించి వ్రాసిరి. మఱియొకరు వ్రాయదగిన స్త్రీ యైరి.

ఇచ్చట ఒక విషయము విచారింపవలెను. స్త్రీలకు శాస్త్రద్వారము మొదట తెఱచినది వైద్యమేల? పరదాచాటు స్త్రీలను పురుష వైద్యుడు తాకరాదు గనుక. అనగా స్త్రీకి విద్య యవసరమని గాక, స్త్రీలకు వైద్యురాలు అవసరమని ఆ తలుపు తెఱవబడెను. ఉపకారము జరుగకపోలేదు, కాని యా కారణమే గీటుగా నిలిచిపోయెను. స్త్రీ వైద్యురాలైనచో లోకమొప్పుకొనెను, ఉపాధ్యాయురాలైనచో మెచ్చుకొనెను. యంత్రమును, అణువును, నక్షత్రమును తన సంతోషముకొఱకే పరిశీలింప గోరినచో ‘నీకేల?’ యని యడిగెను. నేటికిని మన యిండ్లలో ఆ ప్రశ్న వినబడుచునే యున్నది.

ఒక తెలుగు వితంతువు కథ

ఈ ప్రశ్నకు తన జీవితముతో జవాబు చెప్పిన తెలుగు వనిత అయ్యలసోమయాజుల లలితగారు. భారతదేశపు తొలి స్త్రీ ఇంజనీరులలో ఒకరు, విద్యుచ్ఛాఖలో మొదటివారు. 1919లో మదరాసున జన్మించిరి. 15వ యేట వివాహమయ్యెను. 1937లో, 18 ఏండ్ల ప్రాయమున, నాలుగు నెలల పసికందు ఒడిలో నుండగా భర్త గతించిరి. ఆ కాలపు ఆచారము చొప్పున ఆమె బ్రదుకు ఒక మూలగదిలో ముగియవలసినదే. కాని యామె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. కుమార్తెను చదువుకొమ్మనిరి. ఆమె క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించిరి. వైద్యురాలగుదునా యని తలచి, వైద్యురాలిని అర్ధరాత్రమున పిలుతురు, బిడ్డను విడిచి పోజాలనని యెంచి, వేళకు ఇల్లు చేరదగిన ఇంజనీరింగు వృత్తిని కోరుకొనిరి. స్త్రీని చేర్చుకొనుట ఆ కళాశాలలో అంతకుముందు లేదు. ప్రిన్సిపాలు కె.సి. చాకోగారును, విద్యాశాఖాధిపతి ఆర్.ఎం. స్టేథమ్ దొరయు అనుమతించిరి. 1940లో ఆమె చేరెను. ఆమె వెనుకనే పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి యను మఱి యిద్దఱు సివిలు ఇంజనీరింగున చేరిరి. ఒక తలుపు ఒకరికై తెఱచినచో అది యొకరితో ఆగదనుటకు ఇది నిదర్శనము. పట్టపు పత్రములపై ‘అతడు’ అనుమాట ముందే అచ్చుపడియుండగా, దానిని కొట్టివేసి ‘ఆమె’ యని సవరింపవలసి వచ్చెనట.

పట్టము పొందిన పిమ్మట లలితగారు జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో శిక్షణ పొంది, సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో పనిచేసి, 1948లో కలకత్తా నగరమున అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థయందు చేరిరి. భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్తును చేరవేయు మార్గముల రూపకల్పనలో ఆమె చేయి కలదు. 1964లో న్యూయార్కు నగరమున జరిగిన స్త్రీ ఇంజనీరుల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ మహాసభకు భారతదేశమునుండి హాజరైరి. 1979లో పరమపదించిరి. ఆమె వెనుక చేరిన త్రేసియాగారు 1971లో కేరళ రాష్ట్రమున చీఫ్ ఇంజనీరైరి.

ఈ కథను మన పెద్దలు సభలలో చెప్పునపుడు ఆమె పట్టుదలనే పొగడుట పరిపాటి. పట్టుదల కలదు, సందేహము లేదు. కాని ఇంకను మూడు గలవు. చదువుమనిన తండ్రి యొకడు. తలుపు తెఱచిన ప్రిన్సిపా లొకడు. కలకత్తాలో బిడ్డతోకూడ ఆమెకు నీడయైన సోదరుని యిల్లొకటి. ఈ మూడింటిలో ఏ యొకటి లోపించినను మనకు లలితగారి పేరే తెలియకుండెడిది. ఆ మూడును లేక, పేరు తెలియకుండ పోయిన లలితలు ఎందఱో! చరిత్రము గెలిచినవారిని లెక్కించును. గుమ్మమునుండి వెనుదిరిగినవారిని లెక్కింపదు.

మూసిన తలుపులు

వెనుదిరుగుమనినవారు అజ్ఞానులని తలపవలదు. 1911లో ఫ్రాన్సు దేశపు శాస్త్రపరిషత్తు మేరీ క్యూరీ అంతటి విదుషీమణిని సభ్యురాలిగా ఎన్నుకొనుటకు నిరాకరించెను. ఆ యేడే ఆమెకు రెండవ నోబెల్ బహుమానము వచ్చెను. 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధిపతిగా నున్న సర్ సి.వి. రామన్‌గారు కమలా భాగవత్ యను విద్యార్థినిని స్త్రీ యను కారణముచేత చేర్చుకొననిరి. ఆమె కదలక పట్టుపట్టగా, ఒక యేడు పరీక్షార్థముగా చేర్చుకొనిరి. ఆమెయే పిమ్మట కమలా సోహనీగా 1939లో కేంబ్రిడ్జినుండి డాక్టరు పట్టము పొందిరి. ఆ రామన్‌గారి ప్రయోగశాలలోనే వజ్రముల వెలుగులను పరిశోధించిన అన్నా మణిగారికి, ఎం.ఎస్సి. పట్టము లేదను కారణముచేత డాక్టరు పట్టము దక్కలేదు. ఆమె వాతావరణశాస్త్రమున దేశమునకు సూర్యరశ్మిని, గాలిని కొలుచు సాధనముల నొసగిరి. పట్టము లేకున్నను పని నిలిచినది.

ఇది గడచినకాలపు సంగతి యనుకొనవలదు. కోవిడ్ టీకాలలో ఒక తెగకు మూలమైన ఎం.ఆర్.ఎన్.ఏ. పరిశోధనను విడువక సాగించిన కాటలిన్ కారికోగారిని 1995లో ఆమె పనిచేయు అమెరికా విశ్వవిద్యాలయము పదవి తగ్గించెను. 2023లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను. నడుమ 28 సంవత్సరములు. అన్ని సంవత్సరములు ఓర్చుకొనగలవారు లోకమున ఎందఱుందురు?

మన సీమయందలి చదువు

నిజాము రాజ్యమున ఆడుపిల్లలకు, అందును తెలుగు ఆడుపిల్లలకు, చదువు రెండింతలు దుర్లభముగ నుండెను. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెను. 1924లో స్త్రీలకు ప్రత్యేక కళాశాల యేర్పడి, తరువాత కోఠీలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనమునకు మారెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగు పెద్దలు హైదరాబాదున ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పి, తెలుగున బోధ సాగించి, పూనాలోని కర్వే పండితుని స్త్రీల విశ్వవిద్యాలయపు పరీక్షలకు బాలికలను పంపిరి. దొరతనమువారి సాయమునకై కూర్చుండక, ప్రజలే చందాలు వేసికొని నడపిన విద్యాలయమది. ఆ కోఠీ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. దానికి పిమ్మట వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. లారీ దొర సర్జనుగా నున్న రెసిడెన్సీ ప్రాంగణమున నేడు ఆడుపిల్లలు రసాయనశాస్త్రము చదువుచున్నారు.

ఆ కాలముననే మన సంఘమువలెనే ఇతర సంఘములును నగరమున విద్యార్థి వసతిగృహములను కట్టెను. వానివలననే పల్లెబిడ్డలు చదువుకొని అధికారులై, వైద్యులై, ఇంజనీరులైరి. అయితే ఆ గృహములలో పెక్కు తొలుత మగపిల్లల కొఱకే కట్టబడినవి. ఈ మాట పెద్దలను తప్పుపట్టుటకు గాదు. వారు తమ కాలపు అవసరమును చూచిరి. మన కాలపు అవసరమును మనము చూడవలెను.

లెక్కలు చెప్పు మాట

ఈ నాటి లెక్కలను చూతము. ఉన్నతవిద్యపై కేంద్రప్రభుత్వము 2020–21లో చేసిన సర్వేలో విజ్ఞానశాస్త్ర శాఖలలో చదువువారు 57.2 లక్షలు. అందు స్త్రీలు 29.5 లక్షలు, పురుషులు 27.7 లక్షలు. అనగా ఆడుపిల్లలే అధికులు! ఈ యంకె విన్నవారు సమస్య తీరినదని సంతోషింతురు. తొందరపడవలదు. 2018 నాటికి దేశమున పరిశోధనాభివృద్ధి పనులయందు నేరుగ పనిచేయువారిలో స్త్రీలు నూటికి 16.6 మంది మాత్రమే. అనగా ఆఱింట ఒక వంతు. ప్రపంచమంతట చూచినను పరిశోధకులలో స్త్రీలు సుమారు మూడింట ఒకవంతు.

తరగతిలో సగమునకు మించి, ప్రయోగశాలలో ఆఱవ వంతు. నడుమ వీరెచ్చటికి పోయిరి? చెఱువు నిండుగ నున్నది, చివరిమడికి నీరు చేరుట లేదు. రైతుబిడ్డలమైన మనకు దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలువ కెక్కడనో గండి పడినది. గండి యెక్కడనో వెదకవలెను గాని, చివరిమడికి నీరు త్రాగు శక్తి లేదనరాదు.

గండ్లు మూడు చోట్ల పడుచున్నవి. మొదటిది వివాహము. ఎం.ఎస్సి. ముగిసిన పిల్లకు డాక్టరు పట్టమునకు ఐదేండ్లు కావలెను. ‘అంతవఱకు పెండ్లి యాగునా?’ యని తల్లిదండ్రులు బెదరుదురు. పెండ్లియైన పిమ్మట భర్త ఉద్యోగమే స్థిరము, భార్య ఉద్యోగమే చరము. అతడు బెంగుళూరునకు పోయినచో ఆమె పరిశోధన మేడ్చల్‌లో ఆగిపోవును. రెండవది ప్రసూతి. శాస్త్రవృత్తిలో పేరు తెచ్చుకొనదగిన యేండ్లును, బిడ్డలను పెంచు ఏండ్లును ఒక్కటే. మూడేండ్లు దూరమైనచో మరల చేరుటకు వయస్సు మీఱినదందురు. మూడవది దూరమును రాత్రియు. జీవకణములను పెంచు ప్రయోగము గడియారమును చూచి ఆగదు. ప్రయోగశాల నగరమునకు ఎడముగ, రహదారి ప్రక్కన ఉన్నది. రాత్రి పదిగంటలకు బస్సు దొరకనిచో ఆమె ప్రయోగమును ఇంకొకరికి అప్పగించి వచ్చును. ప్రయోగముతో కూడ దాని కీర్తియు వారికే పోవును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు స్త్రీలను కర్మాగారమున పనికి పెట్టరాదనెను. రక్షణకై కట్టిన ఆ గోడ పెక్కేండ్లు అడ్డుగోడయు నయ్యెను. పిమ్మట క్రమక్రమముగ సడలింపబడెను. లలితగారు 1940లో వైద్యము వలదని ఇంజనీరింగును కోరుట ఈ రాత్రి భయమువలననే గదా! ఎనుబదియేండ్లు గడచినను అదే లెక్క మన బిడ్డలు వేసికొనుచున్నారు.

ప్రభుత్వము ఊరకుండలేదు. వృత్తిని విడిచిన స్త్రీ శాస్త్రజ్ఞులు మరల చేరుటకు 2002లో ప్రత్యేక పథకము నారంభించెను. 2017లో ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచి, 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలు శిశుగృహమును ఉంచవలెనని విధించెను. 2018 మొదలు ఐ.ఐ.టి.లలో బాలికలకు అదనపు స్థానములను కల్పించెను. ఇవియన్నియు మేలు. కాని చట్టము గుమ్మము వఱకే వచ్చును. గుమ్మము లోపల మన పెత్తనమే.

ఆక్షేపములు

కొందఱు పెద్దలు ‘ఆడుపిల్లలే మానుకొనుచున్నారు, మనమేమి చేయుదుము?’ అందురు. మానుకొనుటకును మాన్పించుటకును నడుమ ఒక సన్నని గీత కలదు. ఇంటిల్లిపాదియు నోరెత్తక యూరకున్నను, పసిబిడ్డ యొడిలోనున్న తల్లికి మానుకొనుట తప్ప వేఱు మార్గముండదు. కొందఱు ‘స్త్రీబుద్ధికి గణితము పట్టదు’ అందురు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దమున లెక్కల గ్రంథమునకు లీలావతి యని పేరు పెట్టి, లెక్కలను ఒక బాలిక నుద్దేశించియే అడిగెను. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి పండితునకు లేని సందేహము మనకేల? కొందఱు ‘ఉద్యోగము చాలదా, పరిశోధన యెందుకు?’ అందురు. చేర్లపల్లిలోని బ్లూ పీటర్ పరిశోధనాకేంద్రమును నడపిన డాక్టరు ఇందిరా నాథ్‌గారు కుష్ఠువ్యాధిని గుఱించి జేసిన పరిశోధనకు 1983లో భట్నాగర్ పురస్కారము నందిరి. హైదరాబాదు కణజీవశాస్త్ర సంస్థలోని డాక్టరు మంజులారెడ్డిగారు బాక్టీరియా కణపు గోడ పెరుగు మర్మమును విప్పి 2019లో ఇన్ఫోసిస్ పురస్కారము నందిరి. వీరు చేసినది కేవలోద్యోగము కాదు. రాబోవు రోగులకు చేసిన యుపకారము.

మన విధి

మాటలతో ముగించుట మాకిష్టము లేదు. ఈ మహాసభ ముందర నాలుగు మనవులను ఉంచుచున్నాము.

మొదటిది: మన సంఘపు నిధినుండి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున, ప్రయోగశాలలలో చదువు, పని గల స్త్రీలకు ఒక వసతిగృహము వలెను. అందు పసిబిడ్డను తోడు తెచ్చుకొనుటకు చోటును, రాత్రి పనినుండి తీసికొనివచ్చుటకు బండియు నుండవలెను. లలితగారికి సోదరుని యిల్లు ఏమి చేసెనో, దిక్కులేని చెల్లెండ్రకు సంఘము అది చేయవలెను.

రెండవది: మన విద్యార్థివేతనములు పదవతరగతిలో, ఇంటర్మీడియేటులో మొదటివారై వచ్చినవారికే యిచ్చుచున్నాము. సన్మానము చేసి, శాలువ కప్పి, ఛాయాచిత్రము తీసి పంపుచున్నాము. గండి పడుచున్నది ఆ వయస్సున గాదు. బిడ్డ పుట్టి, పని మాని, మరల చేరగోరు ముప్పదియేండ్ల స్త్రీకి వేతనమీయ సాహసించు దాతలు ముందుకు రావలెను.

మూడవది: మన వివాహపరిచయ వేదికలలో వరుని తరపువారు పిల్ల యుద్యోగమును అడుగుదురు, దానిని నిలుపుటకు తామేమి చేయుదురో చెప్పరు. ఇకమీదట ఆ రెండవ ప్రశ్నను పిల్ల తండ్రి యడుగవలెను. అడుగుట అమర్యాద కాదని మహాసభ తీర్మానింపవలెను.

నాల్గవది, చిన్నది: మన సంచికలలో స్త్రీల పేర్లు తఱుచుగా ‘ఫలానావారి ధర్మపత్ని’ యనియే యుండును. రాబోవు సంచికలలో శాస్త్రవృత్తియందున్న మన స్త్రీల పేర్లు, వారి చదువు, వారి పని వారి పేరనే అచ్చుపడవలెను. చందాదారుల పట్టికకు పుట లిచ్చు మనము దీనికొక పుట యీయలేమా? పొలము పట్టాలో లేకపోయిన పేరు సంచికయందైనను ఉండుగాక.

ముగించుటకు ముందు ఒక్క సంగతి. మన తెలుగువాడైన ప్రపంచ గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారు తమ గ్రంథమును తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితము చేయుచు, బాల్యమున ఆమె ప్రతిదినము వేకువ నాలుగు గంటలకు తమ్ము లేపి చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడిదని స్మరించిరి. శాంతమ్మగారి పేర టీకాసంస్థ, లక్ష్మీకాంతమ్మగారి పేర గ్రంథము. తెలుగు తల్లులు శాస్త్రమునకు ఎంత ఋణమిచ్చిరో ఇవి చెప్పుచున్నవి. కొడుకులు ఆ ఋణమును గుర్తించిరి, ధన్యులు. అయితే ఆ తల్లులే చదువుకొని యుండినచో ఏమైయుండెడిదో ఎవ్వరును చెప్పలేరు. ఇకమీదట ఆ వేకువ దీపము కొడుకు ముందర నొకటి, కూతురి ముందర నొకటి వెలుగవలెను. కూతురు నిదురింపక పనిచేయు రాత్రి, ఇంట దీపము వెలిగించి బిడ్డను చూచుకొనువారును ఒకరుండవలెను. ఆ చేయి తండ్రిదైనను, అత్తదైనను, భర్తదైనను, సంఘమునదైనను సరియే.

మహాసభకు జయమగుగాక!